నోట్సు బోలెడు ఉన్నాయి, నవల ముందుకు కదలడం లేదు. రాసుకున్నదాన్ని వాడుకోవడం ఎలా?

సింధియా మనవరాలు | ఆదివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. మన విశాఖపట్నం నేపథ్యంగా నవల ఒకటి రాస్తున్నాను. సింధియా షిప్‌యార్డుకు 1941లో పునాది వేసినప్పటి నుంచి 1948లో జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగేదాకా, అక్కడ పనిచేసిన ఒక కుటుంబం కథ. మధ్యలో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేయడం, జనం మూటా ముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోవడం వస్తాయి. మా తాతయ్య ఆ యార్డులోనే పనిచేశారు. చిన్నప్పటి నుంచి ఈ కబుర్లు వింటూనే పెరిగాను.

సమాచారానికి లోటు లేదు. మల్కాపురం, గాజువాక వైపు పెద్దవాళ్లను కలిసి రాసుకున్న నోటుపుస్తకాలు ఉన్నాయి. ఫోన్లో రికార్డింగులు ఉన్నాయి. బస్సులో ఏదైనా తడితే నాకు నేనే పంపుకున్న వాట్సాప్ మెసేజులు ఉన్నాయి. పౌర గ్రంథాలయంలో కూర్చుని ఎత్తి రాసుకున్న కాగితాలు వేరే.

రాయడానికి కూర్చుంటే ఏది ఎక్కడ రాశానో వెతకడంతోనే పొద్దు పోతోంది. దొరికినదాన్ని కథలో పెడితే ఆ పేజీ సోషల్ పాఠంలా తయారవుతోంది. అనుభవం ఉన్నవాళ్లు మీరు ఏం చేస్తారో చెప్పండి. రాసుకోవడం గురించి కన్నా, రాసుకున్నదాన్ని వాడుకోవడం గురించి ఎక్కువ తెలుసుకోవాలని ఉంది.

వన్‌టౌన్ విలేకరి | ఆదివారం, ఉదయం 9:25

అమ్మా, మంచి పని మొదలుపెట్టారు. ఆ తరం వాళ్లు ఇంకా కొద్దిమందే ఉన్నారు కాబట్టి ముందు వాళ్లను కలిసే పని ఆపకండి.

మీరు వాడుకోవడం గురించి అడిగారు. నా ఉద్దేశంలో నోటు పనికొస్తుందా లేదా అన్నది రాసిన రోజు రాత్రికే తేలిపోతుంది. విలేకరి పనిలో ఉన్నంతకాలం నేను పాటించిన పద్ధతి ఒకటే: బయట గిలికింది ఇంటికొచ్చి అదే రోజు పూర్తి వాక్యాలుగా రాయడం. మరచిపోవడం మొదటి గంటల్లోనే చాలా వేగంగా జరుగుతుందని, తర్వాత నెమ్మదిస్తుందని ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తాను పరీక్షలు చేసుకుని రాశాడు. రాత్రికి ఆ మనిషి గొంతు ఇంకా చెవిలో ఉంటుంది. వారం పోతే పుస్తకంలో నాలుగు మాటలు మిగులుతాయి, అవి దేనికి రాశామో గుర్తు రాదు.

మీ నోటుపుస్తకంలో ఇలాంటివి ఉండే ఉంటాయి:

“బాంబుల రోజు. భయం. పశువులు. వెళ్లలేదు.”

దీన్ని అదే రాత్రి ఇలా రాసుకుంటే:

“మల్కాపురం, ఇంటి అరుగు మీద, సాయంత్రం. పెద్దావిడ చెప్పింది. అప్పటికి తనకు అయిదారేళ్లు. ‘జనవంతా ఎల్లిపోనారు. గొడ్లనొగ్గీసి ఎలగెల్తాం అని మేం ఉండిపోనాం’ అంది. ఈ మాట అన్నది వాళ్ల నాన్న అట. చెబుతున్నంతసేపూ చీర కొంగు మడత పెడుతూ విప్పుతూ ఉంది. బాంబు చప్పుడు గురించి అడిగితే జవాబు చెప్పలేదు, గేదె పేరు చెప్పింది. (నాకు అనిపించింది: చప్పుడు తను విని ఉండకపోవచ్చు, పెద్దవాళ్లు చెప్పగా విన్నది కావచ్చు.)”

రెండో దాంట్లో ఎవరు చెప్పారు, ఎక్కడ, ఆవిడ కళ్లతో చూసిందా విన్నదా, మీకు ఏమనిపించింది అన్నవి విడివిడిగా ఉన్నాయి. మీ ఊహను బ్రాకెట్లో పెట్టడం చాలా ముఖ్యం. రెండేళ్ల తర్వాత ఆవిడ చెప్పిన మాటేది, మీరు అనుకున్నదేది అని తేడా తెలియకపోతే ఆ నోటుతో ఏమీ చేయలేరు.

తేదీ ఎప్పుడూ వేయండి. ఈ కాలం కథే రాస్తూ ఫిషింగ్ హార్బర్లో పొద్దున్నే జరిగే వేలం గురించి నోటు రాసుకున్నారనుకోండి. వంజరం గుట్టలు, సూర చేపలు, ఐసు కొట్టే చప్పుడు, గంపలతో ఆడవాళ్లు, అన్నీ రాశారు, తేదీ మాత్రం లేదు. ఆ దృశ్యాన్ని మే నెలలో జరిగే అధ్యాయంలో పెట్టేస్తే పోయింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. మత్స్యకారులుండే జాలారిపేట కుర్రాడు ఎవడైనా చదివితే అక్కడే పుస్తకం మూసేస్తాడు.

డాల్ఫిన్ నోస్ | ఆదివారం, ఉదయం 10:02

విలేకరి గారి మాటకు పూర్తిగా ఓటు. నేను వెతకడం గురించి చెబుతాను. అందరూ “ఫోన్లో పెట్టేస్తే సెర్చ్ చేసుకోవచ్చు” అంటారు గానీ తెలుగులో అది అంత సులువు కాదు.

మన మాటలు విభక్తి చేరితే మారిపోతాయి. “ఊరు” అని వెతికితే “ఊళ్లో”, “ఊళ్లకు” అని రాసినవి రావు. “ఇల్లు” అని వెతికితే “ఇంట్లో” రాదు. “షిప్‌యార్డు”, “షిప్ యార్డు”, “షిప్‌యార్డ్” మూడూ యంత్రానికి మూడు వేర్వేరు మాటలు. అందుకని ప్రతి నోటు కింద మూడు నాలుగు గుర్తుమాటలు పెట్టండి, ఎప్పుడూ ఒకే స్పెల్లింగుతో. గుర్తుమాటల జాబితా ఒక కాగితం మీద రాసి టేబులు ముందు అంటించుకోండి. కొత్త మాట చేర్చే ముందు పాత జాబితా చూసుకోండి.

ఫైలు పేరులో ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత తేదీ రాస్తే అవి వాటంతటవే వరసలో కూర్చుంటాయి.

రికార్డింగులు మొత్తం అక్షరం అక్షరం ఎక్కించాలని మొదలుపెట్టకండి, ఎప్పటికీ పూర్తి కాదు. ఒకసారి వింటూ సూచిక రాసుకోండి: “4:10 తాతయ్య జీతం. 12:40 బాంబుల సంగతి. 19:05 పాట పాడింది.” నవలకు కావలసిన చోటు మాత్రం పూర్తిగా ఎక్కించండి.

వాట్సాప్ మెసేజులు ముందు ఖాళీ చేయండి. అన్నీ చేరే చోటు ఒక్కటే ఉండాలి, అది పుస్తకమైనా సరే, ఫోనైనా సరే.

ఇంకో మాట, ఇది మన ఊరి మాట. సముద్రపు గాలికి కాగితం ఎలా తయారవుతుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీలు పోయి, ఇళ్లలో పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. నీళ్లు తగిలితే కొన్ని జెల్ పెన్నుల సిరా పారిపోతుంది. బాల్ పెన్ను, పెన్సిలు నిలుస్తాయి. పెద్దవాళ్లు చెప్పింది మళ్లీ దొరకదు కాబట్టి ప్రతి పేజీ ఫోటో తీసి ఇంకోచోట దాచుకోండి.

లైబ్రరీ మెట్లు | ఆదివారం, మధ్యాహ్నం 2:40

యూనివర్సిటీలో పరిశోధన విద్యార్థులతో రోజూ కుస్తీ పట్టే పని నాది. గ్రంథాలయంలో రాసుకున్న కాగితాలు అన్నారు కాబట్టి వాటి గురించి.

చదివి రాసుకునే నోట్సులో రెండు రకాలు ఉంటాయి, రెండూ ఒకే పేజీలో కలిసిపోతేనే చిక్కు. ఒకటి పుస్తకంలో ఉన్న మాట ఉన్నట్టు. దానికి తప్పకుండా కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు, ఏ ముద్రణ అన్నది. రెండోది అది చదివాక మీ మాటల్లో మీరు రాసుకున్నది. నా విద్యార్థులతో ఎడమ పేజీలో మొదటిది, కుడి పేజీలో రెండోది రాయిస్తాను. కుడి పేజీ ఖాళీగా ఉందంటే ఇంకా చదవలేదని అర్థం, ఎత్తి రాశారంతే. ఈ విభజన లేకపోతే ఏళ్ల తర్వాత వేరొకరి వాక్యం మీదే అనుకుని అచ్చు వేయించే ప్రమాదం ఉంది.

మీరు చూస్తున్నది 1940ల పత్రికలు. పత్రిక తేదీ వేరు, సంఘటన తేదీ వేరు. రెండూ రాసుకోవాలి. అప్పటి ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ మద్రాసు నుంచి వచ్చేవి, కాబట్టి విశాఖ కబురు కాస్త ఆలస్యంగా కనిపించవచ్చు. పైగా యుద్ధకాలం, వార్తల మీద సెన్సారు ఉంది. పత్రికలో ఏం లేదో అదీ రాసుకోండి. “ఫలానా వారమంతా చూశాను, దీని ప్రస్తావన లేదు” అన్నది కూడా నోటే. లేకపోతే అదే కట్ట మళ్లీ విప్పుతారు.

సూచిక విషయంలో ఒక పాత పద్ధతి మన లిపికి బాగా నప్పుతుంది. జాన్ లాక్ అనే ఆంగ్ల తత్వవేత్త తన నోటుపుస్తకాలకు సూచిక ఎలా తయారు చేసుకున్నాడో 1686లో ఫ్రెంచిలో ప్రచురించాడు. అంశం పేరులో మొదటి అక్షరం, ఆ తర్వాత వచ్చే మొదటి అచ్చు, ఈ రెండూ కలిపి ఒక గడి. ఆ గడిలో పేజీ నంబర్లు వేసుకుంటూ పోవడమే. మనకు గుణింతం ఉండనే ఉంది! “బాంబులు” అయితే “బా” గడిలో, “బియ్యం” అయితే “బి” గడిలో. నోటుపుస్తకం చివరి రెండు పేజీలు దీనికి వదిలేస్తే చాలు. యుద్ధకాలంలో బియ్యం ధర గురించి ఎక్కడో రాశానే అనిపిస్తే అరనిమిషంలో దొరుకుతుంది.

లూమన్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గురించి ఈమధ్య చాలామంది మాట్లాడుతున్నారు. సుమారు 90,000 చీటీలు రాసి పెట్టెల్లో దాచాడు. 21 నంబరు చీటీకి కొనసాగింపు 21ఎ, దానికి 21ఎ1, ఇలా ఒకదానికొకటి ముడిపెట్టుకుంటూ పోయాడు. అందులోంచి డజన్ల కొద్దీ పుస్తకాలు వచ్చాయి. అది చూసి మీరు కంగారు పడి చీటీలు కొనకండి. ఆయన జీవితమంతా ఒకే పెద్ద సిద్ధాంతం మీద పనిచేసిన మనిషి. మీరు తీసుకోదగ్గది ఒక్కటే: కొత్త నోటు రాసినప్పుడు ఇది పాతవాటిలో దేనితో మాట్లాడుతుంది అని ఒక్క నిమిషం ఆలోచించి అక్కడ ఆ పేజీ నంబరు వేయడం.

ఎర్రమట్టి దిబ్బలు | ఆదివారం, సాయంత్రం 6:15

అందరి మీదా గౌరవంతోనే ఒక మాట చెబుతాను. నేను కవిత్వం రాసేవాణ్ని. నోట్సు రాసుకోను.

నాకు కనిపించేది ఏమిటంటే, నోట్సు పెరిగేకొద్దీ రాయడం వాయిదా పడుతుంది. ఇంకొక్కరిని కలుద్దాం, ఇంకొక్క పుస్తకం చూద్దాం. పుస్తకం నిండుతూ ఉంటే పని జరుగుతున్నట్టే అనిపిస్తుంది. మనసు వడపోస్తుంది, నిలిచినదే కథకు కావలసింది అని నా నమ్మకం. రావిశాస్త్రి గారు ఈ ఊరి కోర్టుల్లో ప్లీడరుగా తిరిగారు. ఆయన కథల్లో సాక్షి బోనెక్కి మాట్లాడే తీరు, పోలీసు జవానుకూ సారా అమ్మే ఆడమనిషికీ మధ్య నడిచే మాట నోటుపుస్తకంలోంచి దిగినట్టు ఉండదు. ఏళ్ల తరబడి విన్న చెవిలోంచి వచ్చినట్టు ఉంటుంది. వినడం నేర్చుకోవాలి. తలవంచుకుని రాసుకుంటూ కూర్చుంటే ఎదుటి మనిషి ముఖం చూడలేం.

అమ్మాయికి నా సలహా: ఒక నెల పాటు ఆ పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి, గుర్తున్నదానితో మొదటి అధ్యాయం రాయండి.

లైబ్రరీ మెట్లు | ఆదివారం, రాత్రి 8:30

మీ చివరి సలహా నాకు చాలా నచ్చింది. మనసు వడపోస్తుందన్న మాటతో మాత్రం సగమే ఏకీభవిస్తాను. మనసు పక్షపాతంతో వడపోస్తుంది. డార్విన్ తన ఆత్మకథలో ఒక నియమం చెప్పుకున్నాడు: తన అభిప్రాయానికి అడ్డొచ్చే సంగతి ఏదైనా కనబడితే వెంటనే తప్పకుండా రాసుకునేవాడు. అనుకూలమైనవాటి కన్నా ఇలాంటివే త్వరగా మనసులోంచి జారిపోతాయని ఆయన గమనించాడు.

నవలకూ ఇది వర్తిస్తుంది. తాతయ్య అంటే మనకు ప్రేమ. ఆయన మంచి మనిషని చెప్పిన కబుర్లన్నీ గుర్తుంటాయి. ఎవరో ఒకరు “మీ తాత ఆ సమ్మెలో మాతో నిలబడలేదు” అంటే అది మూడు నెలల్లో మాసిపోతుంది. పాత్రకు ప్రాణం పోసేది అదే మాట. దాన్ని రాసి ఉంచకపోతే మనకు తెలియకుండానే తాతయ్య విగ్రహమై కూర్చుంటాడు.

చేతిరాతా ఫోనా అన్న చర్చ కూడా వచ్చింది కాబట్టి: 2014లో అమెరికాలో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు పరిశోధకులు, ల్యాప్‌టాప్ మీద నోట్సు తీసుకునే విద్యార్థులు విన్నది విన్నట్టు ఎక్కించేస్తున్నారని, చేత్తో రాసేవాళ్లు కుదించి తమ మాటల్లో రాస్తున్నారని, అర్థం చేసుకోవడంలో చేతిరాతవాళ్లే మెరుగని చూపించారు. తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేస్తే ఆ తేడా అంత గట్టిగా నిలవలేదు. అందుచేత పరికరం మీద పంతం వద్దు. విన్నదాన్ని మన మాటల్లోకి తెచ్చుకున్నామా లేదా అన్నదే చూసుకోవాలి.

కొత్తవలస టీచరు | సోమవారం, ఉదయం 6:50

నిన్న రైల్లో వస్తూ ఇదంతా చదివాను. “కథలో పెడితే సోషల్ పాఠంలా ఉంటోంది” అని అమ్మాయి అన్న మాట దగ్గర ఇంకా ఎవరూ ఆగలేదు. అసలు కష్టం అక్కడే ఉంది.

మన ప్రాంతం నుంచే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో అచ్చయింది. దానికి గురజాడ వారు ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. విజయనగరం మహారాజా వారు తయారు చేయించిన ఒక జాబితా సంగతి అందులో ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో డబ్బు తీసుకుని ఆడపిల్లలకు చేసిన పెళ్లిళ్లు లెక్క కట్టిస్తే 1,034 తేలాయి. ఏడాదికి సగటున 344. ఆ పిల్లల్లో అయిదేళ్లవాళ్లు ఉన్నారు, అంతకన్నా చిన్నవాళ్లు ఉన్నారు, ఏడాది నిండిన పసికందులు కూడా ఉన్నారు.

ఒక రచయిత చేతిలో ఉన్న నోటు ఇది. చదివితేనే ఒళ్లు జలదరిస్తుంది. మరి నాటకంలో ఈ అంకె ఎక్కడుంది? ఏ పాత్రా నిలబడి “మన జిల్లాలో ఏటా 344 పెళ్లిళ్లు” అని చెప్పదు. నాటకంలో ఉన్నది సుబ్బి. ఆ పిల్లను ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెడతానని మొండికేసిన అగ్నిహోత్రావధాన్లు, గుండెలు బాదుకునే వెంకమ్మ, అప్పటికే ఆ వ్యవహారంలో బతుకు పోగొట్టుకుని ఇంట్లో తిరుగుతున్న బుచ్చమ్మ. ఆడవేషం వేసిన శిష్యుణ్ని అమ్మకానికి పెట్టి బేరమాడే దృశ్యం రాయాలంటే ఆ బేరాలు ఎలా సాగుతాయో లోతుగా తెలిసి ఉండాలి. జాబితా ముందుమాటలో ఆగిపోయింది, అది తెలిసినందువల్ల వచ్చిన ధైర్యం నాటకమంతా పారింది.

కాబట్టి అమ్మాయీ, నోటును అలాగే పేజీలోకి దింపకు. ఈ సంగతి వల్ల ఈ ఇంట్లో ఎవరు ఏం చేశారు అని అడుగు. “1942 ఏప్రిల్ 6న బాంబులు పడ్డాయి, జనం ఊరొదిలారు” అన్నది సంగతి. గేదెను వదిలి వెళ్లలేక ఉండిపోయిన తండ్రి కథ. విలేకరి గారు రాసి చూపించిన నోటులో అది ఇప్పటికే ఉంది. ఏప్రిల్ 6 అన్న తేదీ నవలలో రాకపోయినా ఫరవాలేదు, నీకు తెలిసి ఉంటే చాలు. ఆ రోజు ఎండ ఎలా ఉందో, పిల్లలు ఎక్కడ ఉన్నారో నీ చేయి దానంతటదే సరిగ్గా రాస్తుంది.

మాటతీరు గురించి కూడా ఒక్క ముక్క. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవర గిరిజనులతో కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వాళ్లు పలికింది పలికినట్టు పట్టుకునే గుర్తులతో రాసుకున్నారు. ఆ శ్రమంతా 1931లో సవర భాష మీద పెద్ద గ్రంథమై వచ్చింది. చెవికి వినబడింది రాసుకోవాలి, బడిలో నేర్చుకున్నది కాదు. పెద్దవాళ్లు “తినీసేను, వచ్చీసేను” అంటే నోటులో అదే ఉండాలి. నవలలో ఎంత మాండలికం ఉంచాలో తర్వాత నీ ఇష్టం. నోటులోనే “తినేశాను” అని దిద్దేస్తే మళ్లీ వెనక్కి రాదు.

సింధియా మనవరాలు | సోమవారం, రాత్రి 9:05

చేతులెత్తి నమస్కారం అందరికీ. ఇవాళ ఆఫీసు నుంచి రాగానే వాట్సాప్ మెసేజులు మొత్తం పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. టీచరు గారు గురజాడ వారి గురించి చెప్పింది ఇంట్లో అమ్మకు కూడా చదివి వినిపించాను.

ఒక చిక్కు అడగాలి. మల్కాపురం పెద్దావిడ చెప్పిన ప్రకారం జల ఉష దిగింది ఉగాది వెళ్లాక, మామిడికాయల కాలంలో. నెహ్రూ గారిని చూడ్డానికి నాన్న చెయ్యి పట్టుకుని వెళ్లిందట, మండుటెండ అని మరీ మరీ చెప్పింది. చరిత్ర ప్రకారం 1948 మార్చి 14. పంచాంగం చూస్తే ఆ ఏడాది ఉగాది ఏప్రిల్లో వచ్చింది. రెండూ పొసగడం లేదు. నోట్సులో ఏది ఉంచాలి? నవలలో ఏది రాయాలి?

వన్‌టౌన్ విలేకరి | సోమవారం, రాత్రి 9:50

పంచాంగం దాకా వెళ్లారంటే మీరు ఈ నవల పూర్తి చేస్తారు, నాకు సందేహం లేదు.

నోట్సులో రెండూ ఉంచండి, పక్కపక్కనే. ఆవిడ మాటను సరిదిద్దకండి.

ఇంకోటి చూడండి. 1942లో ఉగాది మార్చి మధ్యలోనే వచ్చేసింది. అంటే బాంబులు పడ్డ ఏప్రిల్ 6 ఉగాది వెళ్లాకే. ఆ పిల్ల బతుకులో యార్డుకు సంబంధించిన పెద్ద రోజులు రెండే. ఒకటి ఊరంతా పారిపోయిన రోజు, రెండోది ఊరంతా గుమిగూడిన రోజు. ఆవిడ మనసులో మొదటి రోజు ఎండ రెండో రోజు మీదకు వచ్చి చేరి ఉండొచ్చు. ఇది నా ఊహ మాత్రమే, బ్రాకెట్లో పెట్టుకోండి. ఒక్కో నోటూ విడిగా ఉంటే ఇది కనబడదు. రెండిటినీ ఎదురెదురుగా పెట్టినందువల్లే కనబడింది.

ఎర్రమట్టి దిబ్బలు | సోమవారం, రాత్రి 10:20

విలేకరి గారూ, ఈ ఒక్క మాటతో నోట్సు విషయంలో నా మనసు చాలావరకు మార్చేశారు. అమ్మాయీ, కథకురాలు చెబుతున్నట్టు రాసే చోట మార్చి 14 ఉంచు. ఆ పిల్ల పెద్దదై గుర్తు చేసుకునే చోట మామిడికాయలే ఉండాలి. తప్పని ఎక్కడా ఎత్తి చూపకు. పాఠకుడే పట్టుకుంటాడు.

గోస్తని | మంగళవారం, ఉదయం 7:30

భీమిలి నుంచి. నేను కథలు రాస్తాను, అనువాదాలు చేస్తాను. నోట్సు పక్కన పెట్టుకుని రాయడం మొదలుపెట్టే రోజు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి అది చెబుతాను.

ఒక అధ్యాయానికి సంబంధించిన నోట్సు అన్నీ ముందు రోజు సాయంత్రం చదువుతాను, మార్కు చేయకుండా, ఊరికే. మర్నాడు పొద్దున వాటిని మూసేసి రాస్తాను. తెరవను. దిబ్బల గారు చెప్పిన బీరువా పద్ధతే ఇది, ఒక్క పూటకు. రాస్తుండగా ఏదైనా వివరం గుర్తు రాకపోతే ఆగకుండా ఖాళీ గడి గీసి ముందుకు పోతాను: “జీతం రోజుకు □”, “□ దగ్గర బస్సు దిగి”. వెతకడానికి లేచామా, ఆ పూట పోయినట్టే. మధ్యాహ్నం నోట్సు తెరిచి గడులు నింపుతాను. రాసినదానిలో నోటుకు విరుద్ధంగా వచ్చినవి అప్పుడు చూసుకుంటాను.

అప్పుడే ఇంకో సంగతి తెలుస్తుంది. ఎంతో మోజుగా రాసుకున్న నోటు ఒకటి కథలోకి రానే రాలేదని. బలవంతంగా తోయను. రాలేదంటే ఆ దృశ్యానికి అది అక్కర్లేదన్నమాట. అలాంటివి వేరే పుస్తకంలోకి మారుస్తాను, ఇంకో కథకు అవే మొదటి వాక్యమైన సందర్భాలు ఉన్నాయి. వాడేసిన నోటు మీద పెన్సిల్‌తో ఒక అడ్డగీత కొట్టి పక్కన అధ్యాయం నంబరు వేస్తాను. లేకపోతే అదే కొంగు మడత పెట్టడం ఇద్దరు ఆడవాళ్లకు వచ్చేస్తుంది!

నవల పెద్దది కాబట్టి దృశ్యానికొక కార్డు పెట్టుకోండి. నబొకోవ్ తన నవలలు చిన్న కార్డుల మీద రాసుకుని వరస మార్చుకుంటూ పోయేవాడు. ముందు చివరి దృశ్యం రాయాలనిపిస్తే అదే రాయొచ్చు, తర్వాత దాని చోట పెట్టుకోవచ్చు. కార్డు మీద కథ రాయకపోయినా ఫరవాలేదు. ఆ దృశ్యంలో ఎవరు ఉన్నారు, ఎవరికి ఏం కావాలి, ఏ నోట్సు పేజీలు చూడాలి, ఈ మూడూ చాలు. నేల మీద పరిచి చూస్తే ఏ ఏడాది ఖాళీగా ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. మీ కథలో 1943 నుంచి 1946 దాకా ఖాళీ ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే అందరూ బాంబుల గురించీ ఓడ గురించీ చెప్పి ఉంటారు. ఆ మధ్య ఏళ్లలో ఇంట్లో ఏం వండుకున్నారు, పని లేనప్పుడు ఎలా గడిచింది అని మళ్లీ వెళ్లి అడగండి.

సింధియా మనవరాలు | మంగళవారం, రాత్రి 9:40

గోస్తని గారూ, కార్డులు పరిచాను. మీరు అన్నది అక్షరాలా నిజం. 1943, 44, 45 మూడేళ్లకూ కలిపి ఒక్క కార్డు కూడా లేదు. ఈ ఆదివారం మల్కాపురం వెళుతున్నాను, అడగాల్సినవి రాసి పెట్టుకున్నాను.

ఆఖరుగా ఒకటి. పెద్దావిడ చెప్పినవాటిలో ఇంటి గొడవలు కూడా ఉన్నాయి. వాళ్ల మనవలు ఇప్పుడు ఇక్కడే ఉద్యోగాలు చేసుకుంటున్నారు. నవల అచ్చయితే ఇబ్బంది అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ముందే చెప్పాలా?

గోస్తని | మంగళవారం, రాత్రి 10:05

చెప్పాలి. నవల రాస్తున్నానని, ఆవిడ మాటలు ఇందులోకి వస్తాయని ఆవిడకు స్పష్టంగా తెలియాలి. నోట్సులో అసలు పేరు వద్దు, ఒక అక్షరం పెట్టుకోండి. ఎవరు ఏ అక్షరమో వేరే కాగితంలో దాచండి. పుస్తకం బస్సులో మరిచిపోయినా ఎవరి గుట్టూ బయటపడకూడదు. ఇంటి గొడవలు వాడదలిస్తే వీధి, వృత్తి, పిల్లల సంఖ్య మార్చండి. పేరు ఒక్కటే మారిస్తే మన ఊళ్లో ఇట్టే పోల్చేస్తారు.

వన్‌టౌన్ విలేకరి | మంగళవారం, రాత్రి 10:30

దీనికి ఒకటి చేర్చుతాను. ఆదివారం వెళ్లినప్పుడు కిందటిసారి ఆవిడ చెప్పింది మీరు పూర్తిగా రాసుకున్నది తీసుకెళ్లి ఆవిడకే చదివి వినిపించండి. “ఇది వద్దమ్మా” అన్నది వదిలేయండి. అలా వింటున్నప్పుడే “అది కాదు, ముందు ఇంకోటి జరిగింది” అని కొత్త సంగతులు ఎత్తుకుంటారు. నా అనుభవంలో మొదటిసారి కన్నా ఇలా రెండోసారి చెప్పినవే ఎక్కువ విలువైనవి. ఆవిడ కొత్తగా చెప్పింది వేరే రంగు పెన్నుతో, ఆ రోజు తేదీ వేసి పక్కనే రాయండి. మొదట చెప్పినదాన్ని కొట్టేయకండి. మనవలు ఇంట్లో ఉంటే వాళ్లనూ కూర్చోబెట్టండి.